బావ ఒప్పుకున్న మీటర్లు

పోయిన ఆదివారం పొద్దున్న మా మేనకోడలు కొత్త బండి తెచ్చి కలకత్తా పక్క సంత్రాగాఛీలో మా ఇంటి ముందు ఆపింది. సందు సందంతా ఆ బండే అయిపోయింది. సైకిలు మీద కూరలమ్మేవాడు ఇటు రాలేక ఆ చివరే నిలబడి రెండు కేకలు వేసి వెళ్ళిపోయాడు. కొండదారులూ ఏటి ఇసకలూ బురదలూ దాటడానికని నాలుగు చక్రాలకీ లాగే బలం పెట్టిన రకం బండి అది. మేనకోడలు బ్యాంకులో ఆఫీసరు. వారమంతా అక్కడ తల వంచుకుని పనిచేసి, సెలవు దొరికితే చాలు, మొగుణ్ణి వెంటేసుకుని, అలాంటి బండ్లున్న స్నేహితులతో కలిసి ఉత్తరాన కొండల్లోకి పోతుంటుంది. దిగీ దిగగానే ఫోను నా చేతిలో పెట్టి, "మావయ్యా, దీనికి ఎక్స్‌ట్రా మీటర్లు పెట్టిద్దామనుకుంటన్నాను, ఏవి పెట్టాలో నువ్వే చెప్పు" అంది.

ఫోనులో గుండ్రటి బొమ్మలు వరసగా ఉన్నాయి. ఇంజను ఆయిల్ ప్రెషరుకి ఒకటి, నీళ్ళ వేడికి ఒకటి, గేర్‌బాక్సు ఆయిల్ వేడికి ఒకటి, టర్బో గాలికీ పొగగొట్టం వేడికీ బ్యాటరీకీ మరికొన్ని. జీవితమంతా ఇలాంటివే బిగించి బతికినవాణ్ణి, చూడగానే సంబరపడాల్సింది పోయి నాకు అలసట వచ్చింది. ఈ మధ్య దేన్ని చూసినా ముందు అలసటే వస్తోంది, మిగతావన్నీ దాని వెనకాల మెల్లగా వస్తున్నాయి. నా వయసువాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటాను.

అన్నీ పెట్టించుకుంటే బండి లోపల చూడముచ్చటగానే ఉంటుంది గాని, గోతుల దారిలో కన్ను దారి మీద పెట్టాలా ఇన్ని ముళ్ళ మీద పెట్టాలా అన్నాను. వేడి చూపించే ముల్లు కంపెనీవాళ్ళే ఇచ్చారు కదా, మళ్ళీ ఎందుకని వాళ్ళాయన అడిగాడు. ఆ ముల్లు జనం కంగారు పడకుండా చేసిన ముల్లనీ, ఇంజను కాస్త ఎక్కువ వేడెక్కినా మధ్యలోనే బుద్ధిగా నిలబడుంటుందనీ, అది కదిలేసరికి మనం చెయ్యగలిగేది పెద్దగా మిగలదనీ చెప్పాను. కాబట్టి ఉన్న వేడి ఉన్నట్టు అంకెల్లో చూపించే నీళ్ళ మీటరు పెట్టించుకోండి. ఆయిల్ ప్రెషరు పెట్టించుకోండి. మీది గేర్లు వాటంతట అవే మారే బండి గనక గేర్‌బాక్సు ఆయిల్ వేడి మీటరు మాత్రం మానకండి, మెల్లగా కొండెక్కేటప్పుడూ ఇసకలో తన్నుకులాడేటప్పుడూ అన్నిటికంటే ముందు ఉడికేది ఆ నూనే. అక్కడిదాకా చెప్పి ఆగిపోయాను. మేనకోడలు "ఏటైంది మావయ్యా?" అంది. ఏమీ లేదన్నాను. కానీ ఆ మీటరునే వాళ్ళ నాన్న ఒకప్పుడు ఎంత వద్దన్నాడో ఆ పిల్లకి తెలియదు. అప్పటికి అది ఒళ్ళో పాప.

వాళ్ళ నాన్నంటే మా బావ, మా అక్క భర్త. అక్కని మేం అప్ప అంటాం. శ్రీకాకుళం పక్క సముద్రపొడ్డు ఊరివాడు. మీసాలు రాకముందే కలకత్తా వచ్చి, డాక్‌లో ఓడల పొట్టల్లోకి దిగి సుత్తితో తుప్పు కొట్టే పని చేశాడు. ఆ పని చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఇనప గోడల మధ్య ఒకేసారి పదిమంది సుత్తులు ఆడుతుంటే బయట నిలబడ్డవాళ్ళమే చెవులు మూసుకునేవాళ్ళం. ఆ తర్వాత పోర్టు లారీల దగ్గర మెకానిక్కు పని నేర్చుకుని, ఖిదిర్‌పూర్‌లో డాక్ గోడ వెనక సందులో రేకుల షెడ్డు వేసుకుని సొంత గ్యారేజీ పెట్టాడు. మా నాన్న టికియాపారా రైల్వే యార్డులో పనివాడు. నాకూ అక్కడే పని దొరుకుతుందని ఇంట్లో అందరూ నమ్ముతూ ఉండగానే నాకు వయసు మీరిపోయింది. ఊరికే తిరుగుతున్న నన్ను చూసి అప్ప బావతో చెబితే, బావ నన్ను రమ్మన్నాడు. ఇంజనూ గేర్‌బాక్సూ ఆయన చూసుకునేవాడు, వైర్లూ మీటర్లూ నావి.

ఆ రోజుల్లో కొత్త మీటర్లు మావంటివాళ్ళకి దొరికేవి కావు. మల్లిక్‌బజారుకి పోయి, విప్పేసిన పాత బండ్ల ముక్కల మధ్య కూర్చుని, అద్దం పసుపెక్కినవి, ముల్లు వంగినవి ఏరి తెచ్చుకునేవాణ్ణి. అద్దం ఊడదీసి, కిరసనాయిలుతో తుడిచి, ముల్లు సరిచేసి, కాగుతున్న నీళ్ళలో దాని బల్బు ముంచి ముల్లు కదులుతుందో లేదో చూసుకోవడంలో నాకెంతో సుఖం ఉండేది. ఆయిల్ ప్రెషరు మీటరుకి ఇంజను నుంచి సన్నటి రాగి గొట్టం లాగాలి, ఎక్కడా నొక్కుకుపోకుండా, పొగగొట్టానికి తగలకుండా. అది బాగా వంచానని బావ ఒకసారి అన్నాడు. ఆయన మెచ్చుకోవడం చాలా అరుదు కాబట్టి ఇప్పటికీ గుర్తుంది.

కానీ బావకి మీటర్ల మీద గౌరవం లేదు. ఆయన పనంతా చెవితోనే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. వాల్వా, బేరింగా, పంపా, ఆయన కళ్ళు తెరిచి చెప్పేదాకా బెంగాలీ లారీ డ్రైవర్లు కూడా మాటాపలుకూ లేకుండా నిలబడేవారు. మిస్త్రీ దాదా చెవి అని డాక్‌లో పేరే ఉండేది. తర్వాత తర్వాత ఆయన ఆ పిడిని చెవికి బదులు పళ్ళతో కరిచి పట్టుకోవడం మొదలుపెట్టాడు. అదేదో కొత్త పద్ధతి కాబోలు అనుకున్నానే తప్ప నాకింకే ఆలోచనా రాలేదు.

అలా ఉండగా గ్యారేజీకి ఒక ఇంజనీరుగారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, కలకత్తా ఆఫీసుకి బదిలీ మీద వచ్చినవాడు. కొండల్లో కొత్త రోడ్డు వెయ్యడానికి కొలతలు తీసే పని ఆయనది. అందుకు వాళ్ళ ఆఫీసు పాత మిలిటరీ జీపొకటి కొంటే, దాన్ని కొండలకి తయారు చేసేవాళ్ళ కోసం వెతుకుతూ, మా షెడ్డులోంచి తెలుగు వినబడి ఆగారట. మెత్తని మనిషి. మమ్మల్ని ఏమండీ అనే పిలిచేవారు. జీపుకి ఏయే మీటర్లు ఉండాలన్నది ఆయన బాగా ఆలోచించుకుని వచ్చారు. ఆయిల్ ప్రెషరూ నీళ్ళ వేడీ సరే, గేర్‌బాక్సులో నూనె ఎంత వేడెక్కుతోందో చూపించేది కూడా కావాలన్నారు. అక్కడ బావ అడ్డం తిరిగాడు. గేర్‌బాక్సుకి జబ్బు చేస్తే అది మూలుగుతుందనీ, మూలుగు వినడానికి మనిషికి చెవులున్నాయనీ, డబ్బా నిండా చిల్లులు పెట్టుకుంటే కారేది నూనే గాని ఇంకేమీ కాదనీ వాదించాడు. ఇంజనీరుగారు కోప్పడకుండా, మీ చెవి మీద నాకు నమ్మకం ఉందండీ, కానీ కొండ మీద మీరు ఉండరు కదా, ఉండేది నేను, నాకు ఆ విద్య రాదు అన్నారు. ఆ మాటకి బావ ఏమైనా చేసుకోమని నాతో అని లోపలికి పోయాడు. గేర్‌బాక్సు కింద నూనె దింపే బిరడాకి చిల్లు వేసి, వేడి పట్టే బల్బు అందులో దింపి, మీటరుని బావ కంటికి అడ్డం కాకుండా ఎడమ చివర, పక్కన కూర్చునే మనిషి ఎదురుగా బిగించాను.

జీపు అప్పజెప్పే ముందు కొండ మీద ఒకసారి నడిపి చూపించాలన్నది ఒప్పందం. శిలిగురి దాటి, అడవి దాటి, కొండ మొదలైన చోట బావ చిన్న గేరు వేసి నాలుగు చక్రాలూ కలిపాడు. ఆయన పక్కన ఇంజనీరుగారు, వెనక సామాన్ల మధ్య నేను. రాళ్ళ దారి, ఒక పక్క లోయ, కింద ఏరు. మొదటి చెక్క వంతెన దాటాక నా కాళ్ళ కింద నుంచి సన్నగా ఒక కూత మొదలైంది. గేర్‌బాక్సుదని నాకే తెలిసిపోయింది, ఇక బావకి తెలియదా అనుకుని ఊరుకున్నాను. కూత పెరిగింది. ఇంజనీరుగారు మీటరు చూసి, "వేడి ఎక్కుతోందండీ, కాసేపు ఆపుదామా?" అన్నారు. బావ జవాబివ్వలేదు. ఇంజనీరుగారు ఇబ్బందిగా వెనక్కి నా వైపు చూశారు. మీటరు గురించి జరిగిన వాదన ఇంకా మనసులో పెట్టుకుని బావ పలకడం లేదని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మలుపు మీద మలుపు ఎక్కుతూనే ఉన్నాం. ఆఖరికి ఇంజనీరుగారు బావ మోచేతి మీద చెయ్యి వేసి, వేలితో ముల్లు చూపించారు. బావ వంగి ఒక్క చూపు చూసి బండి ఆపేశాడు.

కిందకి దూరి చూస్తే సీలు పోయి నూనె కారిపోతోంది, రాళ్ళ మీద మేం వచ్చిన దారంతా నల్లటి గీత. ఇంకొంచెం పోనిచ్చి ఉంటే గేర్లు పట్టేసేవి. ఆ ఎక్కుడులో, ఆ లోయ పక్కన, చక్రాలు బిగుసుకుపోతే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు. బావ బండి కింద నుంచి లేచి వచ్చి చేతులు తుడుచుకుంటూ నన్ను అడిగాడు.

"ఎప్పట్నించి మోగతంది?"

"కింద వంతెన కాడ్నించి బావా."

ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు. మళ్ళీ చెప్పాను, ఈసారి గట్టిగా. బావ వెళ్ళి దారి పక్కన రాయి మీద కూర్చున్నాడు. ఏటి వైపు చూసి, "నాకు ఇనబడలేదురా" అన్నాడు. ఆ ఏటి చప్పుడు మాత్రం వినబడుతోందా అని అడగబోయి మానేశాను. ఆయనే మళ్ళీ అన్నాడు, ఇంట్లో పాప ఏడుస్తున్నదీ లేనిదీ కూడా నోరు చూసి తెలుసుకుంటున్నానని. "మీ అప్పకి సెప్పకు" అన్నాడు. ఇంజనీరుగారు అంతా గ్రహించే ఉంటారు, మా దగ్గర నిలబడకుండా రోడ్డు కొలిచేవాడిలా మలుపుదాకా నడుచుకుంటూ పోయారు. తర్వాత వాళ్ళ ఆఫీసులో, సరైన సమయానికి మిస్త్రీ బండి ఆపబట్టి జీపు దక్కిందని చెప్పారట. అబద్ధం కాదు. కానీ అలా చెప్పాలని అందరికీ తోచదు.

నూనె పోసుకుంటూ, ఆపుకుంటూ కిందకి దిగి, శిలిగురిలో సీలూ బేరింగూ మార్చి, జీపు అప్పజెప్పి వచ్చాం. ఆ మర్నాటి నుంచి బావ గ్యారేజీ తియ్యలేదు. ఒంట్లో బాగాలేదని మంచం మీద పడుకున్నాడు. వచ్చిన లారీలని ఏదో ఒకటి చెప్పి నేను వెనక్కి పంపించాను. మా అందరి తిండీ ఆ షెడ్డు మీదే. ఊరెళ్ళి వలలు లాగుతానని ఒకసారి, ఎక్కడైనా వాచ్‌మన్‌గా కుదురుతానని ఒకసారి అంటుండేవాడు. నేనేమీ చెప్పకుండానే అప్ప నన్ను వంటింట్లోకి పిలిచింది.

"కొండ మీద తెలిసిపోనాదా?" అంది.

నేను బిక్కమొహం వేశాను. అప్ప బియ్యం చెరుగుతూనే చెప్పింది. "నాకు తెల్దనుకున్నాడేటి? ఏడాది బట్టి ఆ మనిషికి కుడేపే నిలబడి మాటాడతన్నాను. ఆ సెవి కొంచెం నయం. తెలిసినట్టు తెలిస్తే సిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను." చేట పక్కన పెట్టి, "సెవి పోతే పోయింది, కళ్ళు పోనాయేటి? ఊరందరి బళ్ళకీ బిగిస్తావు కదా, మీ బావకి కూడా ఏదో సూసి బిగించు" అంది.

మల్లిక్‌బజారుకి ఈసారి బావని బలవంతాన లాక్కెళ్ళాను. మొదట ముభావంగా నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఇది ఏం చెబుతుంది, ఇది ఎంత ముందుగా చెబుతుంది అని అడగడం మొదలుపెట్టాడు. అడిగి నా పెదాల వంక చూసేవాడు. ప్రెషరు మీటరు తీసుకున్నాం, నీళ్ళ వేడిదీ గేర్‌బాక్సు వేడిదీ తీసుకున్నాం. ఒక మూల ఇంజను పీల్చే గాలి బలాన్ని చూపించే వ్యాక్యూం మీటరు దొరికింది. అది ఎవరూ కొనరు, ఎందుకు పనికొస్తుందో తెలియదు గనక. ఇంటికి తెచ్చి ఒక చెక్క పలక మీద నాలుగూ బిగించి, పొడుగాటి గొట్టాలు పెట్టి, ఏ పెట్రోలు బండికైనా తగిలించుకునేట్టు చేశాను. వ్యాక్యూం మీటరు తగిలించి ఇంజను తిప్పితే ఆ ముల్లు బాగున్న ఇంజనుకి కదలకుండా నిలబడింది. ఒక వాల్వు సరిగ్గా మూసుకోని ఇంజనుకి తగిలిస్తే, ఆ వాల్వు వంతు వచ్చినప్పుడల్లా చటుక్కున కిందకి పడి లేచింది. బావ ఒంగి ఆ ముల్లునే చూస్తూ ఉండిపోయాడు. టీ చల్లారిపోయిందని అప్ప రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. ఆఖరికి తలెత్తి, నన్ను కాదు, గుమ్మంలో ఉన్న అప్పని చూసి, "ఇది కూడా అదే సెప్తన్నాదే" అన్నాడు. తను ఒకప్పుడు చెవితో విన్నదే కంటికి కనబడుతోందని ఆ మాటకి అర్థం. అప్ప కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయింది.

గ్యారేజీ మళ్ళీ తీశాం. డీజిలు లారీలకి ఆ ముల్లు పనికిరాదు గనక ఆయిల్ ప్రెషరు చూసి, బానెట్టు మీద అరచెయ్యి వేసి అదురు చూసి చెప్పేవాడు. చెవుడని దాచడం మానేశాడు. డ్రైవర్లు మొదట అరిచేవారు, తర్వాత చేతులతో చెప్పడం అలవాటు చేసుకున్నారు. కొందరు మానేశారు కూడా, అది చెప్పకపోతే బాగుండదు. మిస్త్రీ దాదా చెవి అన్న పేరు పోయింది. దాని బదులు ఇంకో పేరేమీ రాలేదు. మామూలు మెకానిక్కుగా, ఆ షెడ్డులోనే, కూతుర్ని చదివించి, పెళ్ళి చేసి, చాలాకాలం బతికాడు. ఇప్పుడు ఆయన లేడు. షెడ్డు ఉన్నచోట మూడంతస్తుల ఇల్లుంది. అప్ప కూతురి దగ్గరే ఉంటోంది.

ఆ ఆదివారమే ఇదంతా మేనకోడలికి చెప్పాను. ఇంతకాలం చెప్పకుండా దాచిందేమీ లేదు, ఎవరూ అడగలేదంతే. నాన్న చిన్నప్పటి నుంచీ చెవిటివాడనే తను అనుకుందట, మీటర్లంటే ఆయనకి మొదటి నుంచీ ఇష్టమే అనుకుందట. ఫోను పక్కన పెట్టేసి, "అయితే మావయ్యా, నాన్న నా గొంతు ఎప్పుడైనా విన్నారా?" అని అడిగింది.

పుట్టిన కొత్తలో ఏడుపు విన్నాడమ్మా, మాటలు వచ్చేసరికి ఆ కాస్తా పోయింది అన్నాను. అబద్ధం చెప్పడానికి ఓపిక కావాలి, నాకు లేకపోయింది. మేనకోడలు ఏడవలేదు. స్కూలు పాఠాలు చదివేటప్పుడు నాన్న తన వెనక కూర్చుని, వీపు మీద అరచెయ్యి ఆనించి, గట్టిగా చదవమనేవాడనీ, చదవడం ఆపితే చెయ్యి తీసేవాడనీ, చదువు ఎగ్గొట్టకుండా కాపలా కాస్తున్నాడనుకుని విసుక్కునేదాన్ననీ చెప్పింది. ఆ సంగతి నాకూ తెలియదు. వాళ్ళాయన లేచి వెళ్ళి మా ముగ్గురికీ టీ తెచ్చాడు.

మీటర్లు మూడే తెప్పించుకుంటామన్నారు. సాయంత్రం నన్నెక్కించుకుని పెద్ద రోడ్డు మీద కొంతదూరం తిప్పారు. ఎక్కడానికే మోకాళ్ళు సహకరించలేదు. లోపల కూర్చుంటే ఇంజను తిరుగుతోందో ఆగిందో తెలియనంత నిశ్శబ్దం. పైగా ఒక చిన్న బిళ్ళ తగిలిస్తే బండి లోపలి సంగతులన్నీ ఫోనులోకి వస్తాయట, ఎవరి చెవితోనూ పనిలేదు. ఇది మంచిదే. ఈ కాలంలో పుట్టి ఉంటే మా బావ, భార్య దగ్గరా బావమరిది దగ్గరా దాచుకుంటూ, నోళ్ళ వంక చూస్తూ, లోలోపల అంత భయపడాల్సిన అవసరమే ఉండేది కాదు. అలా అనుకుని సంతోషించబోయాను. కానీ డాక్ గోడ వెనక ఆ సందులో, కళ్ళు మూసుకుని ఇంజను వింటున్న ఒక మనిషి చుట్టూ పదిమంది డ్రైవర్లు ఊపిరి బిగబట్టి నిలబడడం చూసినవాళ్ళం ఇప్పుడు ఎంతమందిమి మిగిలామో తెలియదు. ఆ రోజులు మళ్ళీ కావాలని నేను అడగను, వాటిలో బతికే ఓపిక నాకు లేదు. ఇంజను మాట తెలిసిన చెవులూ చేతులూ తమకి తెలిసింది ఎవరికీ పూర్తిగా చెప్పకుండానే ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయని మాత్రం, ఆ మెత్తని సీట్లో కూర్చుని, బయట దీపాలు వెనక్కి పోతుంటే అనిపించింది.